ఇనుప రజను, కర్పూరం, ఉప్పు, ఇసుక కలిసిన పొడిని వేరు చేయడం: మొదటి నుంచి చివరి దాకా

"ఇనుము తుప్పు పట్టింది." "కర్పూరం ఏమైపోయిందో తెలియలేదు." "ఉప్పు పది గ్రాములు వేస్తే పదకొండున్నర వచ్చింది." ఈ ప్రయోగం చేసిన పిల్లలూ, చేయించిన టీచర్లూ, ఇంట్లో పక్కన నిలబడ్డ అమ్మానాన్నలూ ఎక్కువగా అడిగేవి ఇవే. అయస్కాంతం, ఉత్పతనం, వడపోత, బాష్పీభవనం అన్న నాలుగు మాటలు అందరికీ వచ్చు. చేతికి వచ్చేసరికి తేడా కొట్టేది రెండు చోట్ల: వరస తప్పడం, పదార్థాలను ముందే సిద్ధం చేసుకోకపోవడం. అందుకే ఇక్కడ ఆ రెంటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

1. ముందు కాగితం మీద పని

పొడి మీద చెయ్యి పెట్టకముందు, ఏది దేనికి లొంగుతుందో రాసుకోండి.

- ఇనుము: అయస్కాంతానికి అంటుకుంటుంది. నీళ్ళలో కరగదు కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. 1538 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు.
- కర్పూరం: కొద్దిపాటి వేడి తగిలితే ద్రవం కాకుండానే ఆవిరవుతుంది (ఇదే ఉత్పతనం), చల్లని చోట మళ్ళీ గడ్డకడుతుంది. నీళ్ళలో దాదాపు కరగదు. దాని ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది.
- ఉప్పు: గది వేడిమిలో 100 మి.లీ. నీళ్ళలో సుమారు 36 గ్రాములు కరుగుతుంది. వేడికి కరగాలంటే 801 డిగ్రీలు కావాలి.
- ఇసుక: నీళ్ళకూ లొంగదు, అయస్కాంతానికీ లొంగదు, మన పొయ్యి వేడికీ లొంగదు.

ఇది చూస్తే వరస దానంతట అదే తేలుతుంది. పొడిగా ఉన్నప్పుడు చేయాల్సినవి రెండు: ఇనుము తీయడం, కర్పూరం తీయడం. ఆ తర్వాతే నీళ్ళు. నీళ్ళు తగిలాక ఇనుము తుప్పు పడుతుంది, కర్పూరం తడి ఇసుకకు అతుక్కుంటుంది.

కర్పూరానికి బదులు నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడు, వాడితే ఈ వరస ఇంకా ముఖ్యం. అది ఉప్పులాగే నీళ్ళలో బాగా కరుగుతుంది. ముందే తీయకపోతే రెండూ ఒకే ద్రావణంలోకి చేరతాయి.

2. సామాను

ఇంట్లో చేసేవాళ్ళకు సరిపోయే జాబితా ఇది:

- 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా (వంటింటి కాటా ఒక గ్రాము తేడాను కూడా సరిగా పట్టలేదు)
- అయస్కాంతం, పల్చటి పాలిథీన్ కవరు
- వెడల్పాటి పింగాణీ గిన్నె, దాన్ని పైన కూర్చోబెట్టడానికి సరిపోయే మూతి ఉన్న స్టీలు గిన్నె
- గాజు గరాటు, దూది
- వడపోత కాగితాలు, 12.5 సెం.మీ. వ్యాసంవి
- రెండు గాజు గ్లాసులు లేదా బీకర్లు, గాజు కడ్డీ
- కొలత గీతలున్న మందు మూత లేదా సిరంజి (సూది తీసేసి)
- తెల్ల కాగితాలు, మెత్తని బ్రష్షు

వడపోత కాగితం దొరక్కపోతే కాఫీ ఫిల్టరు కాగితం పనికొస్తుంది. గుడ్డ వద్దు. ఇసుకలోని మెత్తని ధూళి దాంట్లోంచి దిగిపోతుంది.

తూకాలు: ఇసుక 20 గ్రా., ఉప్పు 10 గ్రా., ఇనుప రజను 5 గ్రా., కర్పూరం 3 గ్రా. మొత్తం 38 గ్రా. ఇంతకంటే ఎక్కువ తీసుకుంటే వడపోత గంటల తరబడి సాగుతుంది. మరీ తక్కువైతే గిన్నెలకు అంటుకుపోయేదే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

3. కలపకముందు నాలుగింటినీ శుభ్రం చేయడం

చాలామంది వదిలేసేది ఇదే. చివర్లో లెక్క కుదరకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది.

*ఇసుక.* ఏటి ఇసుకను జల్లించి, ఒక గిన్నెలో వేసి నీళ్ళు పోసి కలపండి. మట్టి నీళ్ళు వంపేయండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలాగే చేసి, పెనం మీద పూర్తిగా ఆరబెట్టండి. ఇప్పుడు అయస్కాంతాన్ని దాని మీద తిప్పండి. నల్లటి రేణువులు అంటుకుంటాయి, ఆశ్చర్యపోకండి. అవి మాగ్నటైటు అనే ఇనుప ఖనిజపు రేణువులు. భీమిలి, శ్రీకాకుళం వైపు సముద్రపు ఇసుకలో ఇవి మరీ ఎక్కువ. ముందే తీసేయకపోతే 5 గ్రాముల ఇనుము వేసిన చోట ఐదున్నర తేలుతుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక పిల్లలు కాటాను అనుమానిస్తారు.

*ఇనుప రజను.* లేతు షాపులో అడిగితే ఇస్తారు, కానీ దానికి నూనె ఉంటుంది. ఆ నూనె అన్ని రేణువులనూ ముద్దలా పట్టేస్తుంది. సర్ఫు నీళ్ళతో రెండుసార్లు కడిగి, మంచినీళ్ళతో జాడించి, ఆలస్యం చేయకుండా వేడి పెనం మీద ఆరబెట్టండి. పావుగంట తడిగా వదిలినా ఎర్రబడటం మొదలవుతుంది. పొడవాటి చుట్టలను ఏరేసి పొడిని మాత్రమే ఉంచండి. లేతు షాపు అందుబాటులో లేకపోతే మేకును ఆకురాయితో రాస్తే చాలు. ఓపిక కావాలి, కానీ రజను శుభ్రంగా వస్తుంది.

*ఉప్పు.* ప్యాకెట్ మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థం ఉంటుంది. నీళ్ళు కొంచెం మబ్బుగా కనిపిస్తే కారణం అదే. కళ్ళుప్పు వాడితే మట్టి ఉంటుంది. ఈ ప్రయోగానికి మెత్తటి ఉప్పే సులువు. తూచే ముందు పెనం మీద ఐదు నిమిషాలు వేయించి చల్లార్చండి. వానాకాలంలో ఉప్పు పీల్చుకున్న తేమ కూడా తూకంలోకి వస్తుంది మరి.

*కర్పూరం.* బజారు బిళ్ళలన్నీ ఒకలా ఉండవు. ఒక బిళ్ళను గాజు పలకమీద నాలుగైదు రోజులు వదిలి చూడండి. మంచిదైతే ఏమీ మిగలకుండా పోతుంది. తెల్లటి పొడి మిగిలితే ఆ పెట్టె వాడకండి. కర్పూరాన్ని రోట్లో నూరితే రబ్బరులా నలిగి అతుక్కుంటుంది. దీనికి చిట్కా ఉంది: ముందు విడిగా 3 గ్రాములు తూచుకోండి, తూచిన ఉప్పులోంచి రెండు చెంచాలు దాంతో కలిపి నూరండి. ఉప్పు గరుకుకి మెత్తగా నలుగుతుంది. ఎలాగూ రెండూ కలపాల్సినవే కదా. తూచిన కర్పూరాన్ని తెరిచి ఉంచితే ఆవిరై తగ్గిపోతుంది, వెంటనే కలిపేయండి.

ఒక జాగ్రత్త. పూజ కర్పూరం తింటే విషం. చిన్నపిల్లలకు అందేలా పెట్టకండి.

4. ఇనుము తీయడం

1. పొడిని పెద్ద తెల్ల కాగితం మీద పల్చగా, ఒకటి రెండు రేణువుల మందంతో పరచండి.
2. అయస్కాంతాన్ని కవరులో పెట్టి, కవరు బిగుతుగా పట్టుకోండి.
3. పొడికి ఒక సెంటీమీటరు ఎత్తులో నెమ్మదిగా తిప్పండి. రజను లేచి అంటుకుంటుంది.
4. వేరే కాగితం మీదికి తెచ్చి, కవరులోంచి అయస్కాంతాన్ని బయటికి లాగండి. రజను రాలిపోతుంది.
5. మిగిలిన పొడిని వేలితో కదిపి, మళ్ళీ పరిచి, ఇంకో రెండుసార్లు చేయండి.
6. వచ్చిన రజనును కూడా కొత్త కాగితం మీద పరిచి మరోసారి తీయండి.

ఆరో మెట్టు ఎందుకంటే, రజను గుత్తులుగా లేచేటప్పుడు మధ్యలో ఉప్పు, ఇసుక రేణువులు ఇరుక్కుని పైకి వస్తాయి. రెండోసారి తీస్తే అవి కింద ఉండిపోతాయి. అయస్కాంతాన్ని పొడిలోకి గుచ్చేవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

కవరు లేకుండా పెట్టేశారా? రజను అయస్కాంతానికి ముళ్ళపందిలా పట్టుకుని వదలదు. గోళ్ళతో గీకకండి, సెల్లోటేపు అంటించి లాగితే వస్తుంది.

5. కర్పూరం తీయడం

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది కాబట్టి ఒక్క మాట ముందే: కర్పూరం ఉన్న గిన్నెను మంట మీద పెట్టవద్దు. ఆవిరికి మంట తగిలితే అంటుకుంటుంది. నీళ్ళు విడిగా మరిగించి, స్టవ్ ఆపేసి, గిన్నెను ఇంకో బల్ల మీదికి తెచ్చుకుని పని చేయండి. కిటికీలు తెరిచి ఉంచండి. దేవుడి దగ్గర దీపం ఉన్న గది అసలు వద్దు.

1. పొడిని పింగాణీ గిన్నెలో పల్చగా పరచండి.
2. సన్నని చిల్లులు పొడిచిన వడపోత కాగితాన్ని పైన కప్పండి. గడ్డకట్టిన కర్పూరం తిరిగి పొడిలో పడకుండా ఇది ఆపుతుంది.
3. గాజు గరాటును బోర్లించండి. కాడలో దూది వదులుగా పెట్టండి. మరీ బిగిస్తే లోపలి గాలి వ్యాకోచించి గరాటును లేపుతుంది.
4. మరిగిన నీళ్ళున్న స్టీలు గిన్నె మీద పింగాణీ గిన్నెను కూర్చోబెట్టండి. అంచుల్లోంచి నీటి ఆవిరి లోపలికి రాకుండా తడి గుడ్డ చుట్టండి.
5. గరాటు బయటివైపు ఇంకో చల్లటి తడిగుడ్డ వేయండి.
6. నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక మార్చండి. రెండు మూడుసార్లు మార్చాలి, తొందరపడకండి.

కాసేపటికి గరాటు లోపలి గోడ మసకబారుతుంది. దగ్గరగా చూస్తే ఆ మసక అంతా సూదిమొనల్లాంటి స్ఫటికాలే. గోడ పైభాగంలో, తడిగుడ్డ తగిలే చోట ఒత్తుగా పేరుకుంటాయి. కింద అంచు దగ్గర గాజు వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏమీ ఉండదు. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే ఘనస్థితికి తిరిగి వచ్చిందన్నమాట.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? వాసన నమ్మకండి, అది చాలాసేపు వదలదు. గరాటు తీసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి తుడిచిన స్టీలు గరిటెను పొడి మీద ఒక నిమిషం పట్టుకోండి. తెల్లటి పొర పట్టకపోతే అయిపోయినట్టు.

తప్పులు, సవరణలు

- కర్పూరం కరిగి ఇసుకకు పట్టేసింది: వేడి ఎక్కువైంది. స్వచ్ఛమైన కర్పూరం 175 డిగ్రీల పైన కరుగుతుంది, వేడినీళ్ళ మీద ఆ స్థితి రాదు. ఎవరో మంట మీద పెట్టారన్నమాట. చల్లారాక పొడిని నలిపి, వేడినీళ్ళ మీద మళ్ళీ మొదలుపెట్టండి.
- గరాటులో నీటి బొట్లు: అడుగు నుంచి ఆవిరి దూరుతోంది. గుడ్డ సరిచేయండి. పొడి తడిసి ఉంటే ఎండలో ఆరబెట్టి కొనసాగించండి.
- మూడు గ్రాములు వేస్తే రెండే వచ్చింది: ఇది మామూలే. కొంత దూదిలోంచి గాలిలోకి పోతుంది. నాలుగింటిలోనూ తక్కువగా తిరిగొచ్చేది కర్పూరమే.

బడి ప్రయోగశాలలో నవాసారంతో చేస్తే స్పిరిటు దీపం వాడవచ్చు, అది మండదు. దాని సంగతి కొంచెం వేరు: వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు వాయువులుగా విడిపోయి, చల్లని గోడ మీద మళ్ళీ కలుస్తుంది. పొగ ఘాటుగా ఉంటుంది, గరాటు మీదికి ముఖం వంచకండి.

6. ఉప్పు కరిగించడం

మిగిలింది ఇసుక, ఉప్పు. ఎన్ని నీళ్ళు పోయాలన్నది లెక్క ప్రకారం తేల్చుకోవాలి.

10 గ్రాముల ఉప్పు కరగడానికి కనీసం 28 మి.లీ. నీళ్ళు కావాలి. 25 పోస్తే ఒక గ్రాము ఇసుకలోనే ఉండిపోతుంది. 200 పోస్తే ఆ నీళ్ళన్నీ మళ్ళీ ఇగిర్చాలి. కాబట్టి 40 మి.లీ. పోసి, గాజు కడ్డీతో మూడు నాలుగు నిమిషాలు కలపండి.

గోరువెచ్చని నీళ్ళయితే త్వరగా కరుగుతుంది. అయితే ఎక్కువ ఉప్పు కరుగుతుందని మాత్రం అనుకోకండి. మరిగే నీళ్ళలో కూడా 100 మి.లీ.కి 39 గ్రాములే. ఉప్పు ద్రావణాన్ని చల్లార్చి స్ఫటికాలు రాబట్టలేకపోవడానికీ ఇదే కారణం. పటిక అలా వస్తుంది, ఉప్పు రాదు. దానికి నీళ్ళు ఇగరాల్సిందే.

7. వడపోత

కాగితం మడత: సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడవండి. ఒక వైపు ఒక పొర, రెండో వైపు మూడు పొరలు ఉండేలా విప్పితే గరాటు ఆకారం వస్తుంది. గరాటులో పెట్టి నాలుగు చుక్కల నీళ్ళతో తడిపి, వేలితో నొక్కి గోడకు అతికించండి. మధ్యలో గాలి బుడగ ఉంటే వడపోత నత్తనడక నడుస్తుంది.

1. ఉప్పునీళ్ళను రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి దిగుతుంది.
2. గరాటు కాడ కింది గ్లాసు గోడకు తగిలేలా పెట్టండి. ధార ఆగకుండా దిగుతుంది, చిందదు.
3. గాజు కడ్డీని మూడు పొరల వైపు ఆనించి, దాని వెంట తేట నీటిని మాత్రమే ముందు వంపండి.
4. నీటిమట్టం కాగితం అంచుకు ఒక సెంటీమీటరు కిందే ఉండాలి. అంచు దాటితే వడపోయని నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి.
5. ఇసుకను చివర్లో కాగితం మీదికి దించండి. మొదటే దించితే రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇప్పుడు కడగడం. ఇసుకలో ఒక 6 మి.లీ. ఉప్పునీరు నిలిచిందనుకోండి. 40 మి.లీ.లో 10 గ్రాములంటే, ఆ ఆరు మి.లీ.లో ఒకటిన్నర గ్రాము ఉప్పు ఉంది. 20 మి.లీ. మంచినీళ్ళు ఒకేసారి పోసి కడిగితే ఇంకా 0.35 గ్రాము మిగులుతుంది. అవే నీళ్ళు పదేసి మి.లీ. చొప్పున రెండుసార్లు పోసి, మధ్యలో పూర్తిగా కారనిస్తే 0.2 గ్రామే మిగులుతుంది. నీళ్ళు అవే, దక్కే ఉప్పు ఎక్కువ. కడిగిన నీళ్ళు పారబోయకండి, మొదటి నీళ్ళలోనే కలపాలి.

ఇసుకను కాగితంతో సహా ఎండలో పెట్టండి. ఆరాక తూచండి.

వడపోసిన నీళ్ళు మబ్బుగా ఉంటే కాగితం చిరిగిందేమో చూడండి. చిరగకపోతే కొత్త కాగితంలో ఇంకోసారి వడపోయండి.

8. ఉప్పును తిరిగి రాబట్టడం

దగ్గర దగ్గర 55 మి.లీ. ద్రావణం ఉంటుంది. రెండు దారులున్నాయి.

*తొందరగా:* పింగాణీ గిన్నెలో పోసి సన్నని మంట మీద ఇగిర్చండి. గిన్నె సగానికి మించి నింపకండి. అడుగున ముద్ద కనిపించగానే మంట తీసేసి, మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి మిగతా తడి ఆర్చండి. చివరిదాకా మంట మీదే ఉంచితే ఉప్పు చిటపటలాడి కళ్ళలోకి చిందుతుంది, తూకమూ పోతుంది. వేడి పింగాణీ గిన్నెను తడి గట్టు మీద దించితే పగులుతుంది, పొడి చెక్క మీద పెట్టండి. అల్యూమినియం గిన్నె వాడకండి, ఉప్పునీరు దాన్ని తినేస్తుంది.

*నెమ్మదిగా:* ద్రావణాన్ని మూడింట రెండు వంతులు మిగిలేదాకా ఇగిర్చి, వెడల్పాటి గాజు పళ్ళెంలో పోసి, పల్చటి గుడ్డ కప్పి, కదపకుండా నీడలో వదిలేయండి. రోజుల తరబడి పడుతుంది కానీ చక్కటి ఘనాకారపు స్ఫటికాలు వస్తాయి.

స్ఫటికాలు పేరుకున్నాక అడుగున మిగిలే చివరి కొద్ది నీటిని వంపేస్తే ఉప్పు శుభ్రంగా వస్తుంది. చినగంజాం, నౌపడా ఉప్పుమళ్ళలో చేసేదీ ఇదే. ఉప్పు కూర్చున్నాక మిగిలే చేదునీటిని బయటికి వదులుతారు. మెగ్నీషియం లవణాలు అందులోనే ఉంటాయి, ఉప్పుకు చెమ్మ పట్టించేవి అవే. అయితే తూకం లెక్క కావాలంటే ఈ నీటిని వంపకూడదు.

ఈ ఉప్పు తినకండి, వంటకు వాడకండి.

9. నీళ్ళు కూడా కావాలంటే

పెద్ద స్టీలు గిన్నెలో అర లీటరు ఉప్పునీళ్ళు పోయండి. మధ్యలో చిన్న స్టాండు, దాని మీద ఖాళీ గిన్నె పెట్టండి. మరిగే నీరు ఆ గిన్నెలోకి చిందనంత ఎత్తు ఉండాలి. గుండ్రటి మూతను తలకిందులుగా పెట్టి, పైన ఐసు వేయండి. సన్నని మంట మీద ఆవిరి మూతకు తగిలి, బొట్లై, మధ్యకు జారి గిన్నెలో పడుతుంది. ఇదే స్వేదనం.

అడుగు ఎండకముందే ఆపండి. వచ్చిన నీటి చుక్కను శుభ్రమైన గాజు మీద ఆరనివ్వండి. తెల్లటి మరక లేకపోతే ఉప్పు రాలేదు.

10. తూకం లెక్క

తిరిగి వచ్చిన బరువును వేసిన బరువుతో భాగించి వందతో గుణించండి. ఉప్పు, ఇసుకలను ఒకసారి తూచి, మళ్ళీ పది నిమిషాలు వేడిచేసి, చల్లార్చి తూచండి. రెండు తూకాలూ ఒకటే వస్తేనే రాసుకోండి.

- నూరు దాటితే: ఉప్పులో, ఇసుకలో తడి మిగిలింది, లేదా ఇనుములో మాగ్నటైటు చేరింది.
- ఉప్పు తగ్గి, ఇసుక అంతే పెరిగితే: ఇసుకను సరిగా కడగలేదు.
- ఇసుక కొద్దిగా తగ్గితే: కాగితానికి అంటుకుంది, బ్రష్షుతో దులపండి.

11. పొరపాటున ముందే నీళ్ళు పోశారా?

అంతా పారబోయకండి. ఇంకాస్త నీళ్ళు పోసి కలిపితే కర్పూరం ఉప్పునీటి మీద తేలుతుంది. చెంచాతో తీసి కాగితం మీద ఆరబెట్టండి. వెంటనే వడపోసి, ఇసుక, ఇనుములను వేడి పెనం మీద ఆర్చండి, కానీ కర్పూరం తునకలు మిగిలి ఉంటే పెనం జోలికి పోకుండా ఎండలోనే ఆరనివ్వండి. తర్వాత అయస్కాంతం పెట్టండి. నవాసారం వేసి ఉంటే మాత్రం, మొత్తం నీటినీ వేడినీళ్ళ గిన్నె మీద ఇగిర్చి, ఆరిన పొడిని ఉత్పతనం దశ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

12. ఈ నాలుగూ కాకపోతే

*నూనె, నీళ్ళు:* జిప్ కవరులో పోసి ఒక మూల కిందికి వచ్చేలా వేలాడదీయండి. పది నిమిషాలకు నూనె పైకి చేరుతుంది. కింది మూలను సూదితో పొడిచి నీళ్ళు దించి, నూనె, నీళ్ళ మధ్య గీత మూల దగ్గరికి రాగానే వేళ్ళతో నొక్కి పట్టండి.

*బురద నీళ్ళు:* పటిక ముక్కను నీటిలో నాలుగైదు చుట్లు తిప్పి, కదపకుండా వదలండి. తేరాక పై నీటిని వంపుకోండి. మురికి దిగుతుంది కానీ క్రిములు చావవు. తాగాలంటే మరిగించాలి.

*స్కెచ్ పెన్ను నల్ల రంగులో కలిసిన రంగులు:* వడపోత కాగితాన్ని మూడు సెం.మీ. వెడల్పున కత్తిరించి, కింది అంచుకు మూడు సెం.మీ. పైన పెన్సిలుతో గీత గీసి, దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. కాగితాన్ని గ్లాసులో నిలబెట్టండి, అందులో నీళ్ళు ఒక సెం.మీ. మాత్రమే. చుక్క నీళ్ళలో మునిగితే రంగు పైకి పాకే బదులు గ్లాసులోకి దిగిపోతుంది. గీత పెన్నుతో గీస్తే దాని ఇంకు కూడా పాకుతుంది. నల్లటి చుక్క కదలనే లేదంటే అది పర్మనెంటు మార్కరు. నీటికి బదులు సర్జికల్ స్పిరిటు పోసి, మంటకు దూరంగా పెట్టి చూడండి.